పుట్టింటి దీపం చూడకూడని రోజు

నాకు అసహ్యం అంత తేలిగ్గా కలగదు. చేసే పని అలాంటిది. సిడ్నీ పడమటి వైపు ఒక ఏజ్డ్ కేర్ హోములో పనిచేస్తాను. ముసలివాళ్ళ ఒళ్ళు తుడుస్తాను, ప్యాడ్లు మారుస్తాను, కక్కుకుంటే ఎత్తిపోస్తాను. ఆ వెంటనే చేతులు కడుక్కుని టీ రూములో కూర్చుని పెరుగన్నం తినగలను. ఒంట్లోంచి వచ్చేది ఏదైనా ఒంటిదే, అందులో ఎవరి తప్పూ లేదు.

అలాంటి నాకు ఒక మనిషి గుర్తొస్తే ఇప్పటికీ రోత పుడుతుంది. మొన్న ఆగస్టులో ఆయన పోయాడు. ఆయన కూతురు మేలింగ్ ఫోనులో మెసేజ్ పెట్టింది.

"బా పోయారు. దెయ్యాల నెలలో పోయారని తమ్ముడికి కోపంగా ఉంది. నువ్వు రానక్కర్లేదు. నీకు చెప్పాలనిపించింది, అంతే."

బా అంటే వాళ్ళ భాషలో నాన్న. చైనా వాళ్ళ లెక్కలో ఏడో నెల దెయ్యాల నెల. ఆ నెలంతా దిక్కులేని ప్రేతాలు ఆకలితో తిరుగుతుంటాయట. పోయేవాడు ఇంకో నెల ఆగి పోలేదని కొడుక్కి కోపం. ఆ తండ్రికి తగ్గ కొడుకే అనుకుని, డబ్బాలో మిగిలిన అన్నం తినేసి పనిలోకి వెళ్ళాను. ఒక్క మెతుకు కూడా గొంతులో అడ్డం పడలేదు.

మేం ఈ దేశానికి వచ్చిన కొత్తలో టూంగాబీలో ఆయన ఇంటి వెనక గ్రానీ ఫ్లాటులో అద్దెకుండేవాళ్ళం. పెరట్లో వేరే గుమ్మంతో కట్టిన రెండు గదులు, ఓ చిన్న వంటిల్లు. బట్టలుతికే గది మాత్రం ఉమ్మడి. ముందు పెద్దింట్లో ఆయనా, మేలింగూ. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు వేరే పేటలో పెద్ద ఇల్లు కట్టుకుని ఉండేవాడు. మా ఆయన అప్పుడు యూనిలో చదువుతూ పెట్రోల్ బంకులో చేసేవాడు. నేను హోములో కొత్తగా చేరాను.

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు ఆయన గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు. "ఈ ఏడు మీ ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదు అంకుల్," అన్నాడు మా ఆయన.

"కడుపుతో ఉన్నావా?" అని నన్ను.

"లేదు అంకుల్."

అప్పుడు లోపలికి వెళ్ళి గోడకున్న కాగితాల క్యాలెండరు చూసి వచ్చాడు. రోజుకో కాగితం చింపే ఎర్ర క్యాలెండరు. ఏ రోజు ఇల్లు మారొచ్చో, ఏ రోజు జుట్టు కత్తిరించుకోకూడదో అన్నీ అందులో ఉంటాయి. ఆ వారం మంచిది కాదు, పై వారం రండి అన్నాడు. బయటికొచ్చాక మా ఆయన ఒకటే నవ్వు.

"మన పంచాంగం తాతే పాస్‌పోర్టు మార్చుకోని వచ్చినట్టుండాడే! వర్జ్యం చూసి తాళాలు ఇస్తాండాడు."

మాది నెల్లూరు. మా నానమ్మ శుక్రవారం పూట ఆడపిల్లని గడప దాటనిచ్చేది కాదు. పెళ్ళయి పిల్లల్ని కన్న మా అత్తలు కూడా, బస్సు టికెట్లు చింపేసుకుని మరీ శనివారం దాకా ఆగేవాళ్ళు. ఆడపిల్లతో పాటు ఇంటి లక్ష్మి వెళ్ళిపోతుందని భయం. అందుకే ఆయన పట్టింపులు చూస్తే నాకు పరాయి దేశంలో ఉన్నట్టే అనిపించలేదు. మొదటి రెండు నెలలూ ఆయనంటే ఇష్టంగానే ఉండేది. ఈ మాట కూడా రాయాలి.

పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. బనియను ప్యాంటులోకి దోపుకునేవాడు. కుడిచేతి చిటికెన వేలి గోరు మాత్రం పొడుగ్గా పెంచుకున్నాడు. చేప తల ముందు పెట్టుకుని ఆ గోరుతో కన్ను పెకిలించి నోట్లో వేసుకునేవాడు. పొద్దున చింపిన క్యాలెండరు కాగితం పారేసేవాడు కాదు. దాన్ని పళ్ళెం పక్కన పరుచుకుని ముళ్ళు అందులో ఉమ్మేవాడు. ఆ రోజు మంచీ చెడూ రాసి ఉన్న కాగితం మీదే.

ఎవరి నోటనైనా చెడ్డ మాట వస్తే "చోయ్!" అని గట్టిగా అరిచి బల్ల మీద కొట్టేవాడు. చెడ్డ మాటంటే ఏమీ లేదు. జ్వరం అన్నా, విరిగింది అన్నా, అయిపోయింది అన్నా సరే. ఒకసారి మా ఆయన "అంకుల్, గ్యాస్ అయిపోయింది" అని చెప్పడానికి వెళ్ళి చోయ్ అనిపించుకుని వచ్చాడు.

ఎందుకు ఏమిటి అని అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. అరచేతులు రెండూ గాల్లో తిప్పి "నాట్ మీ. బిఫోర్ మీ," అనేవాడు. నేను పెట్టింది కాదు, నాకంటే ముందే ఉంది అని. ఆ రెండు ముక్కలతో ఆయన చేతులు కడిగేసుకునేవాడు.

నాకు మొదట తేడాగా అనిపించింది ఒక పండు దగ్గర. బట్టలు వెయ్యడానికి వెళ్తూ వంటింటి కిటికీలోంచి చూశాను. ఆయన ముందు బల్ల మీద పెద్ద బేరిపండు ఒక్కటే ఉంది. ఎదురుగా మేలింగ్ నిలబడి ఉంది. పొద్దుటినుంచి పనిచేసి అప్పుడే ఇంటికొచ్చింది. ఆయన పండు కోసి, ముక్క తర్వాత ముక్క తనే తింటున్నాడు. గడ్డం మీదుగా రసం కారుతోంది. తరవాత బట్టలు మడతపెట్టేటప్పుడు మేలింగ్ చెప్పింది, బేరిపండు పంచుకు తినకూడదట. వాళ్ళ భాషలో ఆ మాటకీ విడిపోవడం అన్న మాటకీ ఒకటే ఉచ్చారణట.

"అయితే రెండు పండ్లు కొంటే సరిపోతుందిగా," అన్నాను.

ఆమె నవ్వింది. "కొని తెచ్చింది నేనే. రెండే తెచ్చాను. రెండోది ఆయన రేపు తింటారు."

మేలింగ్‌కి అప్పుడు నలభై దాటాయి. ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనులో పని. మొగుడు వేరే ఆవిడని చూసుకుని విడాకులిచ్చాక పుట్టింటికి వచ్చింది. ఆ ఇంట్లో మూడు పడకగదులుండగా ఆమెకిచ్చింది వెనక వరండాకి అద్దాలు బిగించిన గది. తిరిగొచ్చిన ఆడపిల్ల తన పాత గదిలో పడుకోకూడదట. "నాట్ మీ. బిఫోర్ మీ." పాత గది తలుపు వేసే ఉండేది. అందులో ఆయన చేపల వలలు, గాలాలు పెట్టుకున్నాడు.

అక్కడినుంచి నేను కావాలనే గమనించడం మొదలుపెట్టాను. దెయ్యాల నెలలో చీకటి పడ్డాక తీగ మీద బట్టలుంటే ప్రేతాలు తొడుక్కుంటాయని నా డ్యూటీ బట్టలు లాగి తడి గడ్డిలో పడేశాడు. అదే తీగ మీద ఆయన బనియన్లు వరసగా ఆరుతూనే ఉన్నాయి. శరత్కాలం పండక్కి చంద్రుడికి మొక్కేది ఆడవాళ్ళేనని పళ్ళూ అగరొత్తులూ ఆమె చేతే తెప్పించి, పెరట్లో బల్ల వేయించి, మొక్కు అయ్యాక మూన్ కేకులు తను లోపలికి తీసుకెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ప్రతి నియమం చివరికి రెండు చోట్లకే చేరేది. కష్టం ఆమె వీపు మీదకి, తిండి ఆయన నోట్లోకి. నమ్మకం ఉన్నవాడైతే ఎప్పుడో ఒకసారి నియమం తనకీ అడ్డం రావాలి కదా? ఆయనకి ఒక్కసారి కూడా రాలేదు.

వాళ్ళ కొత్త సంవత్సరం ఇక్కడ మంచి ఎండల్లో వస్తుంది. ఆ ఏడు నలభై డిగ్రీలు దాటింది. పండగ ముందు రోజుల్లో మేలింగ్ సెలవు పెట్టి వంటింట్లోనే ఉంది. బాతు, రొయ్యలు, తలా తోకా కొయ్యకుండా ఉడికించిన పెద్ద చేప. మా రెండు గదులదాకా అల్లం వాసన. సాయంత్రం కొడుకూ కోడలూ పిల్లలూ వస్తారు. ఆ మధ్యాహ్నం నేను బట్టలుతికే గదిలోకి వెళ్ళేసరికి మేలింగ్ స్నానం చేసి, ఒక చేతిసంచి సర్దుకుని బూట్లు వేసుకుంటోంది.

"ఎక్కడికి?"

"పారమట్టాలో మోటెల్ ఉంది. రెండు రోజులు."

"పండగ పూటా?"

"పండగ కాబట్టే." ఆమె మామూలుగానే చెప్పింది. "పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల ఈ రాత్రి పుట్టింటి దీపం చూడకూడదు. చూస్తే అన్నదమ్ములు దరిద్రులైపోతారని. మొగుడున్నప్పుడు అత్తారింట్లో ఉండేదాన్ని. ఇప్పుడు అదీ లేదుగా."

"మరి వంటంతా చేసింది నువ్వే కదా!"

"వంట చెయ్యొచ్చు. దీపాలు పెట్టే వేళకి ఉండకూడదు."

ఆ సాయంత్రం ఆయన మమ్మల్ని పిలిచి రెండు నారింజలూ ఎర్ర కవరూ ఇచ్చాడు. అద్దెకున్న వాళ్ళం దీపం చూస్తే తప్పులేదు. మా ఆయన నారింజలు పట్టుకుని నిలబడిపోయాడు. బల్ల మీద మేలింగ్ వండినవన్నీ ఉన్నాయి. కొడుకు తలొంచుకుని తింటున్నాడు. ఆయన రొయ్య తల పీల్చి, పెంకు కింద పడేసి, మమ్మల్ని చూసి నవ్వాడు. ఆ పెదాల మీద నూనె మెరుస్తోంది.

ఆ పండక్కి మొదటి రోజుల్లో చీపురు ముట్టుకోకూడదు, చెత్త బయట పెట్టకూడదు. ఇంట్లో అదృష్టం ఊడ్చుకుపోతుందని. చేప మొత్తం తినకూడదు, మిగల్చాలి. మిగిలితే ఏడాదంతా మిగులుతుందని. ఏసీ వేస్తే కరెంటు ఖర్చవుతుందని ఆయన వెయ్యడు. ఆ ఎండలో మిగిలిన చేప, నేలంతా రొయ్య పెంకులు, బాతు ఎముకలు. మా గుమ్మం మూసుకున్నా కంపు ఆగలేదు. మేలింగ్ తిరిగొచ్చిన రోజున నేను హోమునుంచి తెచ్చిన గ్లోవ్స్ వేసుకుని ఆమెకి సాయానికి వెళ్ళాను. బల్ల కింద రొయ్య పెంకుల మధ్య తెల్లగా పురుగులు మెదులుతున్నాయి. ఆయన కుర్చీలో కూర్చుని కాళ్ళు రెండూ పైకెత్తాడు, కింద ఊడవడానికి వీలుగా.

"టుడే ఓకే. స్వీప్," అన్నాడు.

పురుగులు నాకు లెక్క కాదు. మంచాన పడ్డవాళ్ళ పుళ్ళల్లో చూశాను. ఆ ఎత్తిన పాదాలు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి. వాటి గోళ్ళు కూడా కత్తిరించేది మేలింగే. ఏ రోజు కత్తిరించాలో క్యాలెండరు చూసి ఆయన చెప్తాడు.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "మన దగ్గర మాత్రం లేవా ఏంది ఇట్టాంటివి?" అన్నాడు. "మా పెద్దమ్మ బొట్టు తీసేశాక ఒక్క పెళ్ళికీ ముందు వరసలో కూచోలా. ఎవరూ రానీలేదు."

"ఉంటే అవీ అసహ్యమే," అన్నాను. "పక్కింటి కంపు గురించి చెప్తుంటే మనింట్లో కూడా ఉందిగా అంటావేంది?"

మా ఆయన లేచి బంకుకి బయల్దేరాడు.

మరుసటి ఏడు పండగ ముందు మేలింగ్‌కి గర్భసంచి తీసేశారు. చాలాకాలంగా రక్తం పోతుంటే దాచుకుని దాచుకుని చివరికి పడిపోయింది. ఆస్పత్రినుంచి పంపేసరికి సరిగ్గా పండగ ముంచుకొచ్చింది. పొట్ట మీద అడ్డంగా కుట్లు. పక్కమీంచి లేవాలంటే రెండు చేతులూ ఊనుకోవాలి. వంట ఈసారి కొడుకు హోటలునుంచి తెప్పిస్తానన్నాడట. ఆ ఒక్కటే ఆమెకి దొరికిన దయ.

ఆ రోజు నాకు పొద్దున డ్యూటీ. మధ్యాహ్నం మూడింటికి వచ్చేసరికి మేలింగ్ మా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. ఒడిలో మందుల కవరు. ముఖం పాలిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"తమ్ముడు మోటెల్ బుక్ చేశాడు. ట్యాక్సీ కోసం చూస్తున్నాను," అంది. "కొంచెం నీళ్ళు ఇస్తావా?"

నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. లోపలికి తీసుకెళ్ళి మా మంచం మీద పడుకోబెట్టాను, ఫ్యాను పెట్టాను. ట్యాక్సీ వస్తే వెనక్కి పంపించేశాను. మా ఆయన పక్కనే బంకులో ఉంటే రమ్మని ఫోను చేశాను.

మా ఆయనకంటే ముందే, పది నిమిషాలకల్లా మేలింగ్ నాన్న వచ్చాడు. కొత్త చొక్కా, తల దువ్వుకుని నీటుగా ఉన్నాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆపరేషను అయిన ఆడదాని గదిలోకి ఆయన రాడు.

"షీ గో," అన్నాడు.

"అంకుల్, ఆమెకి జ్వరం. ఇది మా ఇల్లు. వేరే గుమ్మం. మీ దీపం ఇక్కడికి కనపడదు."

ఆయన గోడ మీద మీటర్ బాక్స్ వైపు చూపించాడు. "వన్ మీటర్. వన్ హౌస్. మీ దీపం నా దీపమే."

"అయితే దీపం వెయ్యం. సరేనా?"

ఆయన నా మాట వినలేదు. నా భుజం మీంచి లోపలికి చూస్తున్నాడు. మంచం మీద మేలింగ్ ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఆయన వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. గట్టిగా కాదు, మెత్తగానే. పసిపిల్లకి చెప్పినట్టు. ఆమె వెంటనే దుప్పటితో కళ్ళు తుడుచుకుంది.

"ఏమన్నారు?" అని అడిగాను.

ఆయనే నాకు చెప్పాడు, పాఠం చెప్పినట్టు. "టుడే నో క్రై. ఈ రోజు ఏడిస్తే ఏడాదంతా ఏడుపే."

తరవాత మందుల కవరు వైపు వేలు చూపించాడు. రేపు మందు మింగితే ఏడాదంతా రోగమే, అది కూడా పారెయ్యాలన్నాడు. నేను తలుపు ముఖం మీద వేసేశాను. అలా ఒక పెద్దాయన ముఖం మీద తలుపు వెయ్యడం నా జన్మలో అదే మొదలు.

నిమిషం గడవలేదు, ఫ్యాను ఆగిపోయింది. ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే ఆయన మీటర్ బాక్స్ తలుపు మూసి, చేతులు దులుపుకుని పెద్దింటి వైపు వెళ్తున్నాడు. కోపంగా ఏం లేడు. చకచకా నడుస్తున్నాడు, పండగ పనులున్న మనిషిలాగా.

రేకు కప్పు. బయట నలభై ఒకటి. మా ఆయన పాత కారు తీసుకొచ్చేదాకా నేను తడిగుడ్డతో మేలింగ్ ఒళ్ళు తుడుస్తూ కూర్చున్నాను. కారులోకి ఎక్కించేటప్పుడు చూస్తే నైటీ ముందు భాగమంతా తడి. కుట్లు ఒక పక్క ఊడి చీము కారుతోంది. ఎమర్జెన్సీలో వెంటనే లోపలికి తీసుకున్నారు. ఇన్‌ఫెక్షను రక్తంలోకి ఎక్కిందన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేమన్నారు. మోటెల్ గదిలో ఒక్కతే ఉండి ఉంటే, అని డాక్టరమ్మ మాట సగంలో ఆపేసింది.

కొడుక్కి నేనే ఫోను చేశాను. వెనకాల పళ్ళేల చప్పుడు, పిల్లల నవ్వులు. "థ్యాంక్యూ సో మచ్," అన్నాడు. "బా మారరు. మీకు తెలుసుగా. పండగ అయ్యాక వస్తాను. చిన్నపిల్లలున్న ఇల్లు, ఈ రోజుల్లో ఆస్పత్రికి రావడం..." మిగతాది నేను వినలేదు.

మర్నాడు, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం మొదటి రోజున, మేలింగ్ బట్టలు తేవడానికి పెద్దింట్లోకి వెళ్ళాను. వెళ్ళేముందు ఒకటే అనుకున్నాను, ఆయనతో మాట్లాడకూడదు. ఆయన బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని రాత్రి మిగిలిన చేప తింటున్నాడు. నన్ను చూసి చాప్‌స్టిక్స్ కింద పెట్టి ఎర్ర కవరు తీశాడు. నాకివ్వడానికి!

"మీ అమ్మాయి చావు బతుకుల్లో ఉంది," అన్నాను.

"చోయ్!" బల్ల మీద కొట్టాడు.

"చచ్చిపోతుంది. వింటున్నారా? చచ్చిపోతుంది!"

ఆ మాట ఆ రోజు ఆ ఇంట్లో అనకూడదని తెలుసు. తెలిసే అన్నాను. ఆయన లేచి నా మీదకి వస్తాడనుకున్నాను. కూర్చోమని కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. అప్పుడు ఆయన తన ఇంగ్లీషులో, ముక్కలు ముక్కలుగా, ఒక సంగతి చెప్పాడు.

ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మేనత్త ఉండేది. తండ్రి తోడబుట్టింది. మొగుడు పోతే పుట్టింటికొచ్చింది. ఈయన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఒక ఏడు పండగ రాత్రి ఎక్కడికీ పోవడానికి లేక ఇంట్లోనే ఉంటానని కాళ్ళు పట్టుకుంది. చలి, వాన. తండ్రి బయటికి పంపి తలుపు గడియ వేశాడు. ఆవిడ కాసేపు తలుపు కొట్టిందట. ఇంట్లో అందరూ అన్నం తింటున్నారట. పొద్దున చూస్తే పందుల కొట్టం పక్కన పడి ఉంది.

ఇప్పుడు ఈయన ఏడుస్తాడేమో, ఏడిస్తే నేనేం చెయ్యాలి అనుకున్నాను. హోములో ముసలివాళ్ళు ఇలాగే ఎప్పటివో చెప్పి ఏడుస్తారు. అప్పుడు చెయ్యి పట్టుకుంటాను. ఈయనదీ పట్టుకోవాల్సి వస్తుందా అని భయం వేసింది.

ఆయన చాప్‌స్టిక్స్ తీసుకున్నాడు. చేప పొట్ట దగ్గర మెత్తటి ముక్క వెతికి తీశాడు.

"దట్ ఇయర్," అన్నాడు నములుతూ, "వెరీ గుడ్ ఇయర్. రైస్ వెరీ గుడ్. మా నాన్న రెండు గేదెలు కొన్నాడు."

అర్థమైందా అన్నట్టు నా వైపు తల ఊపాడు.

నేను ఆ ఇంట్లోంచి బయటికొచ్చి, బట్టల తీగ కింద గడ్డిలో కక్కుకున్నాను. ఎంత చీము చూసినా, ఎంత మలం ఎత్తినా రాని వాంతి. ఆయన తెలియక చేసేవాడు కాదు. మూఢనమ్మకం, పాతకాలం మనిషి, చదువు లేదు అని నేను ఏడాదిన్నర చెప్పుకుంటూ వచ్చినవన్నీ ఆ గడ్డిలోనే పోయాయి. తలుపు బయట ఏం జరుగుతుందో ఆయనకి బాగా తెలుసు. ఎత్తుకుని పెంచిన మనిషి తలుపు కొడుతుంటే విన్నాడు. విని, బతుకంతా ఆలోచించి, గిట్టుబాటు అయిందనే తేల్చుకున్నాడు.

ఆ నెలలోనే మేం ఖాళీ చేశాం. మేలింగ్ బతికింది. తిరిగి ఆ ఇంటికి పోవద్దని మేమిద్దరం పట్టుబట్టి, స్టేషను దగ్గర అపార్టుమెంటులో ఒక యూనిట్ చూసిపెట్టాం. తరవాత మేం కూడా ఆ దగ్గర్లోనే చేరాం. ఆమెకి సొంత వంటిల్లు, సొంత దీపం. పండగ రాత్రి మా ఇంటికి వచ్చేది, పెసరట్టు తినేది. అంతా బాగుంది అనుకోవడానికి లేదు. శనివారం శనివారం మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి ఆయనకి వారానికి సరిపడా వండి, డబ్బాల్లో సర్ది, గోళ్ళు కత్తిరించి వచ్చేది.

"ఎందుకెళ్తావు?" అని ఒకసారి తిట్టాను. "నిన్ను చంపబోయాడు ఆ మనిషి!"

"రైస్ కుక్కర్ వెయ్యడం ఆయనకి రాదు," అంది.

"నేర్చుకుంటాడు. లేకపోతే పస్తుంటాడు."

ఆమె గట్టిగానే చెప్పింది. "నీకు కోపం ఉంది కాబట్టి నాకు కూడా ఉండాలా? నాది నేను చూసుకుంటాను." నా ముఖం మాడిపోయింది. ఆ తరవాత ఆయన మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. నిజం చెప్పాలంటే కొన్నాళ్ళు ఆమె అంటే కూడా నాకు రోతగా ఉండేది. అంత జరిగాక ఆ గోళ్ళు ఎలా పట్టుకుంటుందా అని.

ఫ్యూనరల్‌కి వెళ్ళాను. ఆయన కోసం కాదు, మేలింగ్ పక్కన నిలబడ్డానికి. గుమ్మం దగ్గర కోడలు అందరికీ తెల్ల కవర్లు ఇస్తోంది. లోపల ఒక చాక్లెట్టు. ఇంటికి చేరేలోపు తినెయ్యాలట, చేదు వెంట రాకుండా. ముందు పెట్టెలో ఆయన. ముఖానికి రంగు పూశారు, పెదాలకి కూడా. చేతులు పొట్ట మీద పెట్టారు. చిటికెన వేలి గోరు అలాగే ఉంది. నేను మొక్కలేదు. కొడుకు నల్ల కోటులో అటూ ఇటూ తిరుగుతున్నాడు. వంద రోజులదాకా ఎవరి పెళ్ళికీ పోవడానికి లేదు, బిజినెస్‌లో కొత్త షాపు తెరవడానికి లేదు అని ఎవరితోనో చెప్తున్నాడు.

మేలింగ్ రెండో వరసలో ఉంది. ఏడవడం లేదు. నేను వెళ్ళి పక్కన నిలబడితే నా చెయ్యి పట్టుకుంది.

మూత వేసే ముందు, ఆ తంతు నడిపించే ఆయన మైకులో ఏదో చెప్పాడు. మేలింగ్ నా చెవిలో చెప్పింది. పోయిన మనిషి పుట్టిన ఏడుకి పడని ఏళ్ళలో పుట్టినవాళ్ళు, మూత వేసేటప్పుడు చూడకూడదు, వెనక్కి తిరిగి నిలబడాలి. వాళ్ళ లెక్కలో ఏడుకో జంతువు పేరు, ఆయనది ఎద్దు ఏడు. మేక ఏట పుట్టినవాళ్ళకి పడదు.

"నువ్వు ఏ ఏడు పుట్టావు?" అంది. చెప్పాను. వేళ్ళు లెక్కబెట్టుకుని, "నీది మేకే. తిరుగు," అంది.

నేను సంతోషంగా తిరిగాను. హాల్లో ఇంకో నలుగురైదుగురు తిరిగారు. మాకు ఎదురుగా హాలు వెనక గోడ, దానికి ఆనించిన పూలదండలు. ఇంతలో నా పక్కన చెప్పుల చప్పుడయింది. చూస్తే మేలింగ్ కూడా తిరిగి నిలబడింది.

కొడుకు గబగబా వచ్చాడు. "అక్కా, నువ్వు కాదు. నీది కుందేలు. నువ్వు చూడొచ్చు. కూతురివి, నువ్వు చూడాలి."

"తెలుసు," అంది మేలింగ్.

"మరి తిరుగు. అందరూ చూస్తున్నారు."

కొడుకు కాసేపు ఆమె మోచెయ్యి పట్టుకుని ఉండి, వదిలేసి వెళ్ళిపోయాడు. వెనక మూత వేస్తున్న చప్పుడు, మరలు తిప్పుతున్న చప్పుడు వినపడుతున్నాయి. కోడలు ఒక్కతే పెద్దగా ఏడుస్తోంది. మేలింగ్ నా చెయ్యి వదిలేసి తన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది, కుట్లు వేసిన చోట.

అయిపోయింది, ఇక తిరగొచ్చు అని మైకులో చెప్పారు. అందరం తిరిగాం. మేలింగ్ గోడవైపే నిలబడి ఉంది.